ఎనిమిదో దెబ్బ

చిరాగ్ అలీ లేన్, అబిడ్స్
జనవరి 6

స్నేహలత స్మారక కంటి దవాఖాన, నాంపల్లి, రోగుల సహాయ విభాగం వారికి,

కుడి కన్ను బాగు చేసినందుకు కృతజ్ఞతతోనూ, బాగు చేస్తున్నంతసేపూ నన్ను హింసించినందుకు కోపంతోనూ కిషన్‌రావు రాస్తున్నది.

మీ అమ్మాయి ఎవరో ఫోన్ చేసి "సార్, ఆపరేషన్ ఎట్లయింది? ఐదుల ఎన్ని స్టార్లిస్తరు?" అని అడిగింది. నేను ఈ నగరంలో ముప్పై ఒక్క ఏళ్లు సంగీత కచేరీలకు సమీక్షలు రాసినవాణ్ని. నక్షత్రాలతో అభిప్రాయం చెప్పే అలవాటు నాకు లేదు. కాగితం మీద చెబుతాను, మీరూ కాగితం మీదే జవాబివ్వండి. ఫోన్ ఎత్తను. వాట్సాప్ నాకు లేదు, రాదు, వద్దు.

శుక్లం ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఇవ్వరనీ, కన్ను మాత్రమే మొద్దుబారుతుందనీ, మనిషి మెలకువగానే ఉంటాడనీ, అతని భయం పోవడానికి సంగీతం వినిపిస్తామనీ మీ కాగితంలో ఉంది. సినిమా, భక్తి, శాస్త్రీయం అని మూడు గడులు ఉంటే శాస్త్రీయం దగ్గర టిక్కు పెట్టాను. ఏదో రికార్డు పెడతారనుకున్నాను. నా ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పాక, కాళ్ల వైపు నుంచి ఒక మనిషి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే నాకు చెమటలు పట్టాయి. మహీధర్!

మీకు తెలిసి ఉండదు. ఈయన కచేరీలు చేసే రోజుల్లో ఈయన మీద పదకొండు సమీక్షలు రాశాను. పదకొండింటిలోనూ చెప్పింది ఒకటే. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. ఈయన ఏడు పాడి, ఎనిమిదోది మింగేసి, మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెడతారు. పదకొండో సమీక్ష తర్వాత కచేరీలు మానేశారు. నగరం కాస్త ఊపిరి పీల్చుకుంది. అలాంటి మనిషిని, నేను లేచి బయటికి పోవడానికి వీల్లేని ఒకే ఒక్క గదిలో మీరు కూర్చోబెట్టారు.

నేను చెప్పేది అబద్ధమైతే మీ యంత్రాన్ని అడగండి. వేలికి క్లిప్పు పెట్టి టింగు టింగుమనిపిస్తారే, ఆ నాడి యంత్రం. ఏడుసార్లు మోగి, ఎనిమిదో దగ్గర ఊరుకుంది. మళ్లీ ఏడు. మళ్లీ ఊరుకుంది. యంత్రానికే తెలిసిపోయింది! ఉండబట్టలేక "ఎనిమిదోది ఏదయ్యా?" అని అరిచాను. డాక్టర్ సంహిత గారు కత్తి పక్కకు తీసి, "అంకుల్, జర నోరు మూసుకోండ్రి. మీ కన్ను నా చేతిల ఉన్నది" అన్నారు. గాయకుణ్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఎడమ కన్నుకు ఈ నెల ఇరవై నాలుగున రమ్మన్నారు. ఒక కన్ను బాగై, ఒకటి పొగలో ఉంటే రెండూ పోట్లాడుకుంటాయి. మొన్న ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర రెండు మెట్లను ఒకటనుకుని దిగాను. కిందపడింది నేను, కేకలు వేసింది నిఘంటువులు అమ్మేవాడు. కాబట్టి ఆ కన్ను నాకు త్వరగా కావాలి. షరతు ఒకటే, ఆ రోజు మహీధర్ ఆ గదిలో ఉండకూడదు.

కోపంగా ఉన్నా మీ రోగినే అయిన,
బి. కిషన్‌రావు

తా.క.: పూలమ్మ అనే ఆయా ఇచ్చిన చాయ్ బాగుంది. మీ నక్షత్రాలేవో ఆమెకు ఇచ్చుకోండి.


నాంపల్లి
జనవరి 10

గౌరవనీయులు కిషన్‌రావు సార్‌కు, ఫోన్ చేసిన ఆ అమ్మాయే, అంటే రజని, నమస్కారం చేసి రాస్తున్నది.

మీ ఉత్తరం అందింది సార్. మా విభాగానికి ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. ఏ రిజిస్టరులో ఎక్కించాలో తెలియక రెండు రోజులు ఆలస్యమైంది. కొత్తది తెరిచాం. అందులో మీరొక్కరే ఉన్నారు.

మహీధర్ సార్ మా దగ్గర ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నారు. రికార్డు పెడితే రోగి భయపడ్డా అది ఆగదు, మనిషైతే గొంతు తగ్గిస్తాడు, రోగి ఊపిరి తీసుకునేదాకా ఆగుతాడు అని సంహిత మేడం ఆలోచన. మాస్కు కట్టుకుని, తలకు టోపీ పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని పాడతారు. ఇప్పటికి నాలుగు వందల మందికి పాడారు. చాలామంది భయం మరిచిపోయారు, ముగ్గురు గురక పెట్టారు, ఒక ముసలమ్మ ఆపరేషన్ అయిపోయాక కూడా పాట అయ్యేదాకా లేవనన్నది. దెబ్బలు లెక్కపెట్టింది మీరొక్కరే.

ఇక ముఖ్యమైన సంగతి. నాడి యంత్రం పాటను వినదు సార్. ఎనిమిదో దగ్గర ఊరుకున్నది మీ గుండేమోనని మేడం అనుమానం. గుండె డాక్టరుకు చూపించుకుని చీటీ తెస్తే తప్ప ఎడమ కన్ను ముట్టుకోనని చెప్పమన్నారు.

మీ సేవలో,
రజని

తా.క.: మహీధర్ సార్‌కు మీ ఉత్తరం చూపెట్టిన. కోపం చెయ్యలే. "పన్నెండోది గూడ అదే రాసిండు" అన్నరు, అంతే.


అబిడ్స్
జనవరి 13

రజని గారికి,

తన గుండె మీద నిందపడ్డ మనిషి రాస్తున్న జవాబు.

నా గుండెకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇంతవరకు దాని గురించి నేను ఎవరికీ ఉత్తరం రాయాల్సిన అవసరం రాలేదు. తప్పు పాడింది మహీధర్, పరీక్ష నాకా? విన్నవాడి గుండె ఒక దెబ్బ ఆగిందంటే పాడినవాడు ఎంత ఘోరంగా పాడి ఉండాలి! గుండెకు ఆ మాత్రం అభిరుచి ఉండకూడదా?

నా మాట తేల్చుకోవడం మీకు పెద్ద పని కాదు. మహీధర్ లేని చోట నన్ను కూర్చోబెట్టి, వేరేవాళ్ల పాటలు వినిపించి, ఆ క్లిప్పు పెట్టండి. నా గుండె మర్యాదగా నడుచుకోకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి పోతాను.

న్యాయం కోరుతూ,
కిషన్‌రావు

తా.క.: మహీధర్‌తో చెప్పండి, తప్పు ఒకటే చేస్తూ సమీక్ష మాత్రం పన్నెండు రకాలుగా ఉండాలంటే ఎలా అని.


నాంపల్లి
జనవరి 18

కిషన్‌రావు సార్‌కు రజని వందనాలు.

నిన్న జరిగిన పరీక్ష మీకు తెలిసినదే అయినా రిజిస్టరు కోసం రాస్తున్నాను. మేడం ఢిల్లీలో సభకు వెళ్లారు కాబట్టి పరీక్ష మా అడ్మిన్ అంజన్ సార్ చేశారు. ఆయన డాక్టరు కారు, కానీ యంత్రాలు కొన్నది ఆయనే.

మొదట వీణ రికార్డు పెట్టాం. ఏడు మోగి ఆగింది. "ఆ వీణావిడకు ఇంటి దగ్గర పాలు పొంగుతున్నట్టున్నాయి, తొందరపడుతోంది" అన్నారు మీరు. తర్వాత సినిమా పాట. ఏడు మోగి ఆగింది. "సినిమావాళ్లు ఎనిమిదోది కత్తిరించేసి ఉంటారు" అన్నారు. చివరికి పూలమ్మ తానే ముందుకొచ్చి చప్పట్లు కొడుతూ బతుకమ్మ పాట పాడింది. అప్పుడూ ఏడే. ఒక చప్పట్టు మింగిందని మీరు అనేసరికి ఆమె ఏమన్నదో రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాశాను: "ఏందయ్యా, ముప్పై ఏండ్ల సంది బతుకమ్మ ఆడుతున్న. నా చప్పట్లకు వంక వెట్టెటోడు ఇంకా పుట్టలే. ఇగ నీకు చాయ్ బంద్!"

పాట లేకుండా కూడా చూశాం. ఆగింది. అడిగితే మీరు మనసులో మహీధర్ సార్ పాట గుర్తు చేసుకుంటున్నానని చెప్పారు.

దీంతో అంజన్ సార్‌కు సంగతి అర్థమైపోయింది. "పాట వింటే గుండె ఆగుతున్నది, తలుసుకున్నా ఆగుతున్నది. గీ పెద్దమనిషికి సంగీతం పడదు" అన్నారు. కొందరికి వంకాయ పడనట్టు, కొందరికి కొన్ని సూదిమందులు పడనట్టు. మీ ఫైలు మీద ఎర్ర కాగితం అంటించారు: 'సంగీతం పడని రోగి'. మీ చేతికి కట్టిన ఎర్ర పట్టీ కూడా అదే. తడిస్తే చిరగదు, కత్తిరిస్తే కొత్తది కడతారు.

ఇట్లాంటి రోగి మా దవాఖానలో ఇంతకుముందు లేడు కాబట్టి ఇరవై నాలుగో తేదీ ఆపరేషన్ ఆపేశారు. గుండె ఆపే గొంతు దవాఖానలో ఉండొద్దని మహీధర్ సార్ స్టూలు కూడా స్టోర్‌రూములో వేయించారు. ఆయన టోపీ మడిచి నా టేబుల్ మీద పెట్టి పోయారు. నాకు మాత్రం అన్నం సయించలేదు సార్.

మీ,
రజని

తా.క.: మీరు వచ్చినప్పుడల్లా గేటు కాడ చాయ్ బండి రేడియో బంద్ చెయ్యమని వాచ్‌మన్‌కు చెప్పిన్రు. తొవ్వల పెండ్లి బరాత్ ఎదురైతే మాత్రం మా పూచీ లేదు.


అబిడ్స్
జనవరి 22

రజని గారికి,

సంగీతం పడని రోగి రాస్తున్న ఉత్తరం. చదివేటప్పుడు ఎవరినీ కూనిరాగం తీయనివ్వకండి, నాకు ఏమైనా కావచ్చు!

ముప్పై ఒక్క ఏళ్లు మూడు గంటల కచేరీలు, వాటి తర్వాత గంట ఉపన్యాసాలు, ఆ తర్వాత శాలువాలు భరించినవాణ్ని. నాకా సంగీతం పడనిది? మీ పట్టీ మీద అక్షరాలు ఎంత పెద్దవో మీకు తెలుసా? పొగ కన్నుతో కూడా నేను చదవగలను. ఆదివారం పుస్తకాల దగ్గర నిఘంటువులవాడు అది చూసి, చటుక్కున ఫోనులో పాట ఆపేసి, "అయ్యో, ఎప్పటి సంది సార్?" అన్నాడు. నిన్న ఒక కచేరీకి వెళితే గుమ్మం దగ్గర కార్యదర్శి పట్టీ చదివాడు. నా సమీక్షలు ఇరవై ఏళ్లు తిన్నవాడు. "రోగమని మాకు అప్పుడే తెలిస్తే బాధపడకపోదుము సార్" అని, ఎంతో జాలిగా, ఆటో ఎక్కించి ఇంటికి పంపాడు. ఆ జాలికి నేను చస్తాను, గుండెకు కాదు.

ఎడమ కన్ను ఇంకా మసకబారింది. పాలప్యాకెట్ అనుకుని పిల్లిని ఎత్తాను. ఇద్దరికీ భయమేసింది.

మహీధర్‌ను తీసేశారని రాశారు. నేను కోరిందే. అయితే నిన్న నాంపల్లి స్టేషన్ ఎదురుగా బెంచీ మీద టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చుని కనిపించాడు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పినట్టు లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నన్ను చూసి ఎందుకు లేవాలి? "ఎడమ కన్ను ఎప్పుడు సార్?" అని అడిగాడు. నేను రోడ్డు దాటి వచ్చేశాను. ఈ విషయం రిజిస్టరులో రాయనక్కరలేదు.

ఆ ఎర్ర కాగితం చించండి, నా తేదీ నాకు ఇవ్వండి.

సంగీతం పడే,
కిషన్‌రావు

తా.క.: పూలమ్మ చాయ్ బంద్ చేయడం వ్యక్తిగత కక్ష. విమర్శను విమర్శగా తీసుకోమనండి. అల్లం మాత్రం తగ్గించవద్దనండి.


నాంపల్లి
జనవరి 27

కిషన్‌రావు సార్‌కు నమస్కారం, రజని రాస్తున్నది.

మేడం ఢిల్లీ నుంచి వచ్చారు. మీ ఫైలు చూసి అంజన్ సార్‌ను గదిలోకి పిలిచారు. తలుపు వేశారు కానీ మా అందరికీ వినిపించింది: "సంగీతం పడకపోవుడేంది అంజన్? రేపు నవ్వు పడదని గూడ రాస్తవా?" ఎర్ర కాగితం ఆమే చించారు. మీ పట్టీ కత్తిరించుకోవచ్చు. కానీ గుండె డాక్టరు చీటీ మాత్రం కావాల్సిందేనట. మహీధర్ సార్ స్టూలు సంగతి కూడా ఆ చీటీ వచ్చాకే తేలుతుంది. ఆయన గొంతు వల్ల కాదని డాక్టరు రాస్తే తప్ప అంజన్ సార్ ఒప్పుకునేటట్టు లేరు.

సార్, తప్పుగా అనుకోవద్దు. మహీధర్ సార్ పాట నా ఫోనులో ఉంటే మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెట్టి అందరం చప్పట్లతో లెక్కపెట్టాం. నాకు ఎనిమిది వచ్చింది. పూలమ్మకు ఎనిమిది. మేడమ్‌కు ఎనిమిది. అంజన్ సార్‌కు తొమ్మిది వచ్చింది, కానీ ఆయన లిఫ్ట్‌ల గూడ ఎప్పుడూ ఒక అంతస్తు ఎక్కువే పోతరు. మీకే ఏడు ఎందుకు వస్తున్నదో మాకు తెలుస్తలేదు. మాకు సంగీతం రాదు. మీరు దేనితో లెక్కపెడతారు సార్?

నేర్చుకుందామని అడుగుతున్న,
రజని

తా.క.: పూలమ్మ అల్లం తగ్గించలే. కానీ కప్పు మీద మీ పేరు గీకి రాసి, దాన్ని బోర్లించి పెట్టింది.


అబిడ్స్
జనవరి 30

అమ్మా రజనీ,

ముప్పై ఒక్క ఏళ్లలో నన్ను ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషివి నువ్వు. అందుకే గారు తీసేశాను.

నేను మృదంగాన్ని నమ్మను. మృదంగం వాయించేవాడు గాయకుడితో కలిసి భోంచేస్తాడు. చప్పట్లను నమ్మను. పాట కాస్త బాగుంటే చెయ్యి దానివైపు వెళ్లిపోతుంది, మీ క్యాంటీన్‌లో జరిగింది అదే. గడియారానికి చెవుల్లేవు. మరి నిష్పక్షపాతంగా ఉండేది ఏది? కళ్లు మూసుకుంటాను. కుడిచేతి రెండు వేళ్లు ఎడమ మణికట్టు మీద పెట్టుకుంటాను. నా నాడితో లెక్కపెడతాను. దానికి గాయకుడు తెలియదు, కార్యదర్శి తెలియదు, ఎవరి సిఫారసూ దాని దగ్గర చెల్లదు. నా సమీక్షలన్నీ ఆ రెండు వేళ్ల మీద నిలబడ్డాయి. ఆ రోజు ఆకుపచ్చ గుడ్డ కింద కూడా నేను చేసింది అదే.

ఇప్పుడు మీ దవాఖాన నన్నే కాదు, నా నాడిని కూడా అవమానించింది. కాబట్టి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకుంటున్నాను. రోగిగా కాదు. రేపు హిమాయత్‌నగర్‌లో ఒక పెద్ద గుండె దవాఖానకు వెళ్లి, 'ఈయన నాడి ప్రామాణికం, దీన్ని బట్టి ఎవరి తాళమైనా సరిచూసుకోవచ్చు' అని ముద్ర వేయించుకుని వస్తాను. ఆ చీటీని మీ రిజిస్టరులో అంటించండి. మహీధర్‌కు ఒక నకలు ఇవ్వండి.

విజయం ఖాయమైన,
కిషన్‌రావు

తా.క.: కప్పు బోర్లించినా పేరు పేరే.


గుండె దవాఖాన, హిమాయత్‌నగర్
ఫిబ్రవరి 11

అమ్మా రజనీ,

మంచం మీద నుంచి రాస్తున్నాను, అక్షరాలు కొండెక్కి దిగుతున్నాయి. సర్దుకుని చదువు.

చీటీ జత చేశాను. దానితో గీతల కాగితం ఒకటి ఉంది. ఈ డాక్టరు దాన్ని నా ముందు పరిచి, పెన్నుతో చూపించాడు. "గిది చూడండ్రి సార్. ఒకటి, రెండు, మూడు... ఏడు. గీడ ఎనిమిదోది ఉండాలె. లేదు. మీ గుండె ఏడుసార్లు కొట్టి ఎనిమిదోది వదిలిపెడ్తున్నది. మళ్ల ఏడు." ఎప్పటినుంచి అని అడిగాను. "శానా ఏండ్ల సంది ఉన్నట్టున్నది. వయసుల ఉన్నప్పటి నుంచే ఉండొచ్చు" అన్నాడు. నేను నమ్మలేక ఇంకో రెండుసార్లు అడిగాను. చావుకు భయపడుతున్నాననుకున్నాడు పాపం. నా భుజం తట్టి, "ఫికర్ చెయ్యకుండ్రి, చిన్న యంత్రం పెడ్తం, ఇంకా పదిహేనేండ్లు హాయిగ ఉంటరు" అన్నాడు. ఆయన ముందున్న పదిహేనేళ్లకు ధైర్యం చెబుతున్నాడు. నేను లెక్కపెట్టుకుంటున్నది వెనకున్న ముప్పై ఒక్కటి.

నా సమీక్షలు మొత్తం రెండు వందల పద్నాలుగు. 'ఎనిమిదో దెబ్బ తెలిసిన గాయకుడు ఈ నగరంలో ఒక్కడూ లేడు' అని రాసినవాణ్ని నేనే. ఆ వాక్యం అంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది. అందరి ఎనిమిదో దెబ్బా ఉంది, రజనీ. లేనిది నాది.

భుజం ఎముక కింద కోసి యంత్రం పెట్టారు. దీనికీ పూర్తి మత్తు లేదు, మెలకువగానే ఉంచారు. ఏ పాట పెట్టమంటారని నర్సు అడిగింది. మహీధర్‌ను పిలిపించమన్నాను. వాళ్లకు మహీధర్ ఎవరో తెలియదు. స్టేషన్ ఎదురు బెంచీ గుర్తులు చెప్పి పంపించాను. గంటలో వచ్చాడు. మాస్కు కట్టుకున్నాడు, టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల కింద పెట్టాడు, గొంతు సవరించుకున్నాడు.

చేతులు గుడ్డ కింద ఉన్నాయి కాబట్టి ఎవరూ చూడలేదు. రెండు వేళ్లు మణికట్టు మీద పెట్టుకున్నాను. ఏడు. ఖాళీ. ఏడు. ఖాళీ. ఆయన పల్లవి మూడోసారి ఎత్తుకున్నప్పుడు డాక్టరు "ఆన్ చేస్తున్న" అన్నాడు. ఏడు దాకా లెక్కపెట్టి అలవాటు కొద్దీ ఆగాను. ఎనిమిది కొట్టింది. సరిగ్గా ఆయన పాడిన చోటే కొట్టింది. అప్పుడు కంట్లో నీళ్లు తిరిగాయి. ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి తిరుగుతాయి, నువ్వేమీ అనుకోకు.

పాట అయ్యాక ఆయన వంగి, "సరిపోయిందా సార్?" అన్నాడు.

"ఎనిమిది ఉన్నాయి" అన్నాను.

"ఎప్పుడు గూడ ఉండేటివి సార్" అన్నాడు.

వెటకారం లేదు, కోపం లేదు. నాకు ఒళ్లు మండింది. నాలుగు తిట్టి ఉంటే రెండో రోజుకే డిశ్చార్జి అయ్యేవాణ్ని. ఆయన డబ్బా తెరిచి నాకు ఒక ఉప్మా ముద్ద పెట్టాడు. నర్సు చూసి డబ్బా లాక్కుంది.

ఇక పని సంగతి. ఎనిమిదో దెబ్బకు గాయకుడితో ఏ సంబంధమూ లేదని డాక్టరు చీటీలో రాశాడు, నేనే పక్కన నిలబడి, అంటే పడుకుని, రాయించాను. అంజన్‌తో దాన్ని పైకి చదివించు. స్టూలు ఆ రోజే బయటికి రావాలి. రెండు వారాలయ్యాక నా ఎడమ కన్ను చేయవచ్చట. సంహిత గారిని తేదీ అడుగు. ఆ రోజు మహీధర్ ఉండాలి. లేకపోతే కన్ను ఇవ్వను.

పదమూడో సమీక్ష కూడా రాశాను. ఒకటే వాక్యం: 'ఎనిమిదీ ఉన్నాయి.' వేసే పత్రిక ఏదీ లేదు. మీ రిజిస్టరులో అంటించు, అందులో ఎలాగూ నేనొక్కణ్నే ఉన్నాను.

సరిచేయబడిన,
కిషన్‌రావు

తా.క.: తాళం సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను. మహీధర్ శ్రుతి మీద కూడా నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. అవి మాత్రం చెవుల డాక్టరుకు చూపించుకున్నాకే చెబుతాను.